కంప్యూటరుకు చల్లని నీరు: ఎంత చల్లదనం మేలు?

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దల మాట. ప్రకాశం, గుంటూరు జిల్లాల మెట్ట ప్రాంతాలలో మే మాసపు మధ్యాహ్నాలు ఎట్లా ఉంటాయో ఈ కళాశాల విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు. రోళ్ల సంగతి అటుంచి, ఈనాడు ఆ ఎండలకు ముందుగా మొరపెట్టే వస్తువు ఇంటిలోని కంప్యూటరు. రేకుల కప్పు క్రిందనో, ఎండకు కాగిన స్లాబు క్రిందనో పనిచేసే ఆ యంత్రం లోపలి ఫ్యాను హోరెత్తుతుంది, పని మందగిస్తుంది, ఒక్కొక్కప్పుడు యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు ఉత్సాహవంతులైన యువకులకు సహజంగా ఒక ఆలోచన కలుగుతుంది: గాలికి బదులు నీటితో, అందునా మంచువలె చల్లబరచిన నీటితో, ఈ యంత్రాన్ని చల్లబరచరాదా?

ఆలోచన మంచిదే. పెద్ద కంప్యూటర్ల చరిత్రలో అది ఆచరణకు వచ్చినదే. అయితే చల్లదనం ఎంత పెరిగితే అంత మేలు అనే భావం ఇక్కడ చెల్లదు. ఒక హద్దు దాటిన చల్లదనం యంత్రాన్ని కాపాడకపోగా పాడుచేస్తుంది. ఆ హద్దు ఎక్కడ ఉన్నది, దానిని ఎట్లా కనుగొనాలి, దానికి లోబడి ఇంటివద్ద ఎట్టి ఏర్పాటు చేసుకొనవచ్చును అనే విషయాలను వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేడి ఎక్కడిది?

పొలంలోని మోటారు విద్యుత్తును తీసుకొని నీటిని పైకి ఎత్తుతుంది. కంప్యూటరు లెక్కలు చేస్తుంది. కాని ఆ లెక్కలకు బరువు లేదు, ఎత్తు లేదు. అందువలన అది తీసుకొన్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు వేడిగా మారి గదిలో కలుస్తుంది. 300 వాట్లు తీసుకొనే యంత్రం 300 వాట్ల వేడిని వదలుతుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది గనుక, ఆ గదిలో మరి ముగ్గురు మనుషులు కూర్చున్నట్లే లెక్క.

ఆ వేడిలో అధిక భాగం ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు అనే రెండు చోట్ల, తపాలా బిళ్ల అంతటి చిన్న చిప్పులలో పుడుతుంది. వేడి ఎంత అన్నదానికంటె, అది ఎంత ఇరుకు చోట పుడుతున్నది అన్నదే అసలు సమస్య. నేటి ప్రాసెసర్లలో పెక్కు 95, 100 డిగ్రీల సెల్సియస్ దాపుకు చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. ఎండాకాలంలో పని మందగించటానికి సామాన్యంగా కారణం ఇదే. అది యంత్రం చేసుకొనే ఆత్మరక్షణ.

నీరే ఎందుకు?

ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచటానికి సుమారు 4.2 జౌళ్ల శక్తి కావాలి. గాలికి దాదాపు ఒక జౌలు చాలును. పైగా గాలి మిక్కిలి తేలికైనది. కనుక ఒకే ఘనపరిమాణంలో చూస్తే నీరు గాలికంటె సుమారు మూడున్నర వేల రెట్లు వేడిని మోయగలదు. నిమిషానికి ఒక లీటరు చొప్పున ప్రవహించే సన్నని ధార 300 వాట్ల వేడిని మోసుకొనిపోయినా, దాని ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకు కాస్త పైగా మాత్రమే పెరుగుతుంది.

దీనికి నిదర్శనం చీమకుర్తివారికి కూతవేటు దూరంలోనే ఉన్నది. ఇక్కడి క్వారీలలో, నల్లని నేలపై బంగారు చుక్కలు చల్లినట్లుండే గెలాక్సీ గ్రానైటును వజ్రపు పూసలు గుచ్చిన తీగతో కోస్తారు. ఆ తీగ రాతిని ఒరుసుకొనేటప్పుడు పుట్టే వేడికి నీరు లేకపోతే పూసలు త్వరలోనే చెడిపోతాయి. అందుకే కోతసాగినంతసేపు నీరు పోస్తూనే ఉంటారు. అది ఐసు నీరు కాదు, మామూలు నీరే. దానిని ఆగనివ్వకపోవటంలోనే రహస్యమంతా ఉన్నది. చల్లబరచేది నీటి శైత్యం కంటె నీటి ప్రవాహం. కంప్యూటరు విషయంలోనూ మొదట గ్రహించవలసిన సూత్రం ఇదే.

పెద్ద యంత్రాల అనుభవం

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటరులో సుమారు 18 వేల వాల్వులు ఉండేవి. అది వాడిన 150 కిలోవాట్ల విద్యుత్తు పుట్టించే వేడిని తరిమివేయటానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టవలసి వచ్చింది. 1960 దశకంలో ఐ.బి.ఎం. సంస్థ తన 360 శ్రేణిలోని 91వ నమూనాకు నీటిని ఉపయోగించింది. అదే సంస్థ 1980లో ప్రకటించిన 3081 యంత్రంలో, చిప్పుల సముదాయాలపై లోహపు పలకలను బిగించి వాటిలో నీటిని పారించారు. 1985లో వచ్చిన క్రే-2 కంప్యూటరులోనైతే విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ప్రత్యేక ద్రవంలో భాగాలను ముంచివేశారు. ఆ ద్రవం తన వేడిని తిరిగి చల్లని నీటికే అప్పగించేది.

మన తెలుగునాట 1967లో హైదరాబాదులో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.), డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను నిర్మించి దేశానికి అందించింది. ఆ కాలంలో కంప్యూటరు గది అంటే ఎయిర్ కండిషన్ చేసిన గది అనే అర్థం. గదినంతా చల్లబరచటం ఒక పద్ధతి. వేడి పుట్టే చోటికే నీటిని పంపటం మరొక పద్ధతి. ఇంటివద్ద ఒక్క యంత్రం కోసం రెండవదే పొదుపైనది.

సాధారణ జలశీతల పద్ధతి

దీనికి కావలసిన భాగాలు ఐదు. ప్రాసెసరుపై బిగించే రాగి దిమ్మ ఒకటి. దాని లోపల సన్నని కాలువలు ఉంటాయి. నీటిని త్రిప్పే చిన్న పంపు రెండవది. గొట్టాలు మూడవది. ఫ్యాను అమర్చిన రేడియేటరు నాలుగవది. ఇది మోటారు వాహనాలలో ఉండే రేడియేటరు వంటిదే. నీరు నిలువ ఉండే తొట్టి ఐదవది. ప్రాసెసరుకు, రాగి దిమ్మకు నడుమ కంటికి కనబడని ఖాళీలను నింపటానికి ఉష్ణవాహకమైన పేస్టును పలుచగా పూయాలి. గాలి ఎంత అధమ వాహకమో అంత ఉత్తమ వాహకం రాగి. నడుమ గాలి మిగిలిపోతే రాగి గొప్పతనం వృథా.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. రేడియేటరు తన నీటిని గది గాలికంటె చల్లగా ఎన్నటికీ చేయలేదు. గదిలో 40 డిగ్రీలుంటే నీరు అంతకు నాలుగైదు డిగ్రీలు పైననే ఉంటుంది. ఈ కారణం చేతనే యువకుల మనస్సు చిల్లరు వైపు మొగ్గుతుంది.

నీటిని చల్లబరచే మార్గాలు

నీటిని చల్లబరచే విద్య కొత్తది కాదు. అక్బరు పాదుషా కొలువులో పెట్లుప్పు కలిపిన నీటిలో సురాహీని కదలించి త్రాగునీటిని చల్లార్చేవారని అబుల్ ఫజల్ తన ‘ఐనె అక్బరీ’లో వర్ణించాడు. పెట్లుప్పు కరిగేటప్పుడు పరిసరాల వేడిని గ్రహిస్తుందనే ధర్మమే దీనికి ఆధారం. ప్రతి పద్ధతికీ మూల్యం ఉన్నదని మాత్రం మరువరాదు. చల్లదనం ఎక్కడా ఊరక పుట్టదు. వేడిని ఒకచోటి నుండి మరొక చోటికి తరలించటమే జరుగుతుంది.

తొట్టిలో ఐసు గడ్డలు వేయటం అందరికీ తోచే ఉపాయం. లెక్క చూడండి. ఒక కిలో మంచు కరగటానికి 334 కిలోజౌళ్ల వేడిని గ్రహిస్తుంది. 300 వాట్ల యంత్రం ఆ వేడిని పద్దెనిమిది, పందొమ్మిది నిమిషాలలో పుట్టిస్తుంది. అనగా గంటకు మూడు కిలోల పైచిలుకు మంచు కావాలి. ఇంటి ఫ్రిజ్‌లో గొట్టాన్ని చుట్టి పెట్టటం మరొక ఉపాయం. కాని ఆ ఫ్రిజ్ కూరగాయలను, పాలను ఒకసారి చల్లబరచి అట్లే నిలుపటానికి నిర్మించినది. గంటల తరబడి వందల వాట్ల వేడిని తోడివేయమంటే దాని కంప్రెసరు విరామం లేక వేగంగా అరుగుతుంది. ఇక నిజమైన చిల్లరు, అనగా ఎయిర్ కండిషనరు వంటి కంప్రెసరు గల యంత్రం, ఆ పనిని చేయగలదు. మూడు వంతుల వేడిని తరలించటానికి సుమారు ఒక వంతు విద్యుత్తును అది అదనంగా తీసుకొంటుంది. ఆ ఒక వంతు కూడ వేడిగానే బయటికి వస్తుంది. కనుక చిల్లరును గదిలోనే పెడితే నీరు చల్లబడుతుంది, గది మరింత కాగుతుంది.

తుషార స్థానం: దాటరాని హద్దు

ఈ ఖర్చులన్నీ భరించినా, అసలు ప్రమాదం ఇంకొకటి పొంచి ఉన్నది. చల్లని నీరు పోసిన స్టీలు గ్లాసు బయట కొద్దిసేపటికే చెమట పట్టటం మనం నిత్యం చూస్తాము. ఆ నీరు గ్లాసు లోపలి నుండి వచ్చినది కాదు. గాలిలోని ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీరుగా మారినది. గాలిని ఏ ఉష్ణోగ్రతకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరు కావటానికి మొదలిడుతుందో, దానిని భౌతిక శాస్త్రం తుషార స్థానం అంటుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజి నుండి మిర్చి బస్తాలను తేమగల గాలిలోకి ఒక్కసారిగా తెస్తే చెమ్మ పట్టే ప్రమాదం ఉండటానికి కారణం ఇదే.

కంప్యూటరులోని గొట్టంపైన, రాగి దిమ్మపైన ఇట్లే చెమట పడితే ఆ బొట్లు విద్యుత్తు పారే బోర్డుపైకి జారుతాయి. బొట్టులో దుమ్ము, లవణాలు కలుస్తాయి గనుక అది విద్యుద్వాహకమవుతుంది. షార్టు సర్క్యూటు అవుతుంది. ఒక్కొక్కప్పుడు వెంటనే ఏమీ జరుగదు. ప్రాసెసరు క్రింది సాకెట్టు పిన్నులు లోలోపల తుప్పుపట్టి కొన్ని వారాలకు యంత్రం మూగపోతుంది. తండ్రి అప్పుచేసి కొనిచ్చిన యంత్రం ఒక గిన్నెడు నీటికైనా కాదు, నాలుగు బొట్ల చెమటకు నశించటం కంటె విచారం ఏమున్నది?

తుషార స్థానం ఊరిని బట్టి, ఋతువును బట్టి మారుతుంది. పొడిగాడ్పు వీచే మే మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, 20 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉంటే, తుషార స్థానం సుమారు 14 డిగ్రీలు. సముద్రపు గాలి వచ్చి 38 డిగ్రీలు, 50 శాతం అయితే అది సుమారు 26 డిగ్రీలకు ఎగబ్రాకుతుంది. వర్షాకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం ఉన్న దినాన కూడ అది 26 డిగ్రీలే. ఒకే ఇంటిలో, ఒకే దినాన, ఉదయం నిరపాయమైన 20 డిగ్రీల నీరు సాయంకాలానికి యంత్రానికి శత్రువు కావచ్చునన్నమాట. పొడి శీతల దేశాలవారు చెప్పిన అంకెలను మన కోస్తా జిల్లాలలో అనుసరించటం అపాయకరం.

పెద్ద కంప్యూటర్ల నిర్మాతలు ఈ సంగతిని బాగా ఎరుగుదురు. భవనానికి సరఫరా అయ్యే అతిశీతల జలాన్ని వారు నేరుగా యంత్రంలోకి పంపలేదు. నడుమ ఒక ఉష్ణ వినిమయ పరికరాన్ని ఉంచి, యంత్రంలో తిరిగే నీటిని గది తుషార స్థానానికి పైననే నిలిపేవారు.

అంత చల్లదనం అవసరమా?

150 వాట్ల ప్రాసెసరుకు మంచి రాగి దిమ్మను సరిగా బిగిస్తే, లోపలి చిప్పు నీటికంటె సుమారు 30, 35 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. నీరు 30 డిగ్రీలైతే చిప్పు 65 డిగ్రీల దాపున ఉంటుంది. నీటిని ప్రయాసపడి 10 డిగ్రీలకు దించితే చిప్పు 45కు దిగుతుంది. కాని 65 డిగ్రీలు చిప్పుకు ప్రమాదమే కాదు. వేగాన్ని నిర్ణీత పరిమితికి మించి పెంచే పోటీలవారు ద్రవ నైట్రోజనును సైతం పోస్తారు. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువ 196 డిగ్రీలు. వారు బోర్డులకు ముందుగా రక్షణ పూతలు వేసి, కొద్దిసేపు నడిపి ఆపివేస్తారు. అది వేడుక; నిత్యం పాఠాలకు, పనికి ఉపయోగించే యంత్రం మాట వేరు.

కుండ నేర్పే పాఠం

చల్లని నీరు పోసిన గ్లాసుకు బయటి గాలి వలన చెమట పడుతుంది. మట్టి కుండ మీది తడి మాత్రం లోపలి నుండి ఊరి, గాలిలోనికి ఆవిరైపోయే నీరు. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు సుమారు 2,400 జౌళ్ల వేడిని వెంట తీసుకొనిపోతుంది. ఈ పద్ధతిలో నీరు ఎంతవరకు చల్లబడగలదో దానిని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. 42 డిగ్రీలు, 20 శాతం ఆర్ద్రత ఉన్న మే మధ్యాహ్నాన అది సుమారు 24 డిగ్రీలు.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. తడి బల్బు ఉష్ణోగ్రత ఎన్నడూ తుషార స్థానానికి దిగువకు పోదు. గాలిలో ఆవిరి నిండుగా ఉన్నప్పుడు రెండూ సమానమవుతాయి. తక్కిన వేళలలో తడి బల్బే పైన ఉంటుంది. అనగా ఆవిరి ద్వారా చల్లబడే నీరు ఆ గాలిలో చెమట పట్టించలేదు. ఏ మీటరూ, ఏ స్విచ్చీ లేకుండానే హద్దును పాటించే గుణం ఆ పద్ధతిలో సహజంగా ఉన్నది. చిల్లరుకు ఆ వివేకం మనం నేర్పాలి.

ఇంటివద్ద ఇట్లా అమర్చుకొనవచ్చును. కంప్యూటరు లోపల తిరిగే నీటి వలయం వేరుగా, మూసి ఉండాలి. ఆ వలయంలోని గొట్టం వరండాలో ఉన్న తొట్టిలో మునిగిన రాగి చుట్ట గుండా పోయి రావాలి. తొట్టిలోని మామూలు నీటిని మరొక పంపు పైకెత్తి వట్టివేళ్ల తడికపై గాని కూలరు ప్యాడుపై గాని జారవిడుస్తుంది. ఫ్యాను దానిగుండా గాలిని లాగుతుంది. ఒట్టి కుండ దీనికి చాలదు. ఎందుకనగా 300 వాట్ల వేడిని పోగొట్టటానికి గంటకు సుమారు 440 గ్రాముల నీరు ఆవిరి కావాలి. కుండ గోడనుండి అంత ఊరదు. ఎనిమిది గంటల పనికి ఖర్చయ్యే నీరు సుమారు మూడున్నర లీటర్లు. త్రాగునీటికే ఇబ్బందిపడే గ్రామాలున్న జిల్లాలో ఈ లెక్క కూడ చూచుకొనవలసిందే. వానాకాలంలో ఈ పద్ధతి నీటిని గాలికంటె రెండు, మూడు డిగ్రీలకు మించి చల్లబరచదు. అయితే అప్పుడు గాలే మే నెలంత వేడిగా ఉండదు.

పాటింపవలసిన జాగ్రత్తలు

లోపలి వలయంలో బోరు నీటిని ఎన్నడూ పోయరాదు. మన ప్రాంతపు కఠిన జలంలోని లవణాలు సన్నని కాలువలలో పేరుకొని వాటిని మూసివేస్తాయి. స్వేదనజలమే పోయాలి, అందులో తుప్పును, నాచును నిరోధించే ద్రవాన్ని కలపాలి. ఒకే వలయంలో రాగిని, అల్యూమినియమును కలిపి వాడరాదు. రెండు లోహాల నడుమ విద్యుద్రసాయనిక చర్య జరిగి అల్యూమినియము తినివేయబడుతుంది. అమర్చిన పిదప కంప్యూటరుకు కరెంటు ఇవ్వక, ఒక్క పంపును మాత్రమే 24 గంటలు నడిపి, కీళ్ల క్రింద పొడి కాగితం పరచి కారుడు ఉన్నదేమో చూడాలి. బయటి తొట్టి నీటిలో, ఆవిరైన కొద్దీ లవణాలు మిగిలిపోతాయి గనుక నాలుగైదు దినాలకొకసారి దానిని మార్చాలి. నిలువ నీటిలో దోమలు పెరుగుతాయని కూడ మరువరాదు.

చిల్లరు పెట్టుకొని తీరవలెనన్నవారు గదిలో ఉష్ణోగ్రతను, ఆర్ద్రతను కొలిచే మీటరును తప్పక ఉంచాలి. నీటిని తుషార స్థానానికి కనీసం రెండు, మూడు డిగ్రీలు పైన ఆపే కంట్రోలరును అమర్చాలి. గొట్టాలకు మూసిన రంధ్రాలుగల రబ్బరు నురుగు తొడుగు వేయాలి. కంప్యూటరు ఆపినప్పుడు చిల్లరు కూడ ఆగేటట్లు చూడాలి. పనిలేని చిప్పు చల్లబడటానికి ఎంతో సేపు పట్టదు.

ఇవేవీ చేయకముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఫ్యాన్లలో, రేకులలో పేరుకొన్న దుమ్మును తీసివేయటం, ఎండిపోయిన పేస్టును మార్చటం, పెట్టెను గోడకు జానెడు దూరం జరపటం. పెక్కు యంత్రాలకు ఈ వైద్యమే చాలును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఒక పెద్ద డేటా సెంటరును నిర్మించనున్నట్లు ప్రకటించింది. అట్టి కేంద్రాలలో కంప్యూటర్లు వేలాదిగా ఉంటాయి. కాని వాటిని చల్లబరచే ఇంజనీర్ల ముందుండే ప్రశ్నలు ఇవే: వేడి ఎంత, నీరు ఎంత, విద్యుత్తు ఎంత, ఆ పూట తుషార స్థానం ఎంత. రేపు ఆ ఉద్యోగాలకు పోదలచిన విద్యార్థి ఈ నాలుగింటినీ ఇంటివద్ద చిన్న తొట్టితోనే నేర్చుకొనవచ్చును. భౌతిక శాస్త్ర ప్రయోగశాలకు చెందిన తడి, పొడి బల్బుల థర్మామీటరు ఒకటి చాలును. దానిని కళాశాల వరండాలో వ్రేలాడదీసి, విద్యార్థులు వంతులవారీగా దినానికి రెండు పర్యాయాలు కొలిచి, ఆనాటి తుషార స్థానాన్ని నోటీసు బోర్డుపై వ్రాసే ఏర్పాటును కళాశాల కమిటీవారు ఆలోచింతురు గాక. ఒక సంవత్సరం గడిచేసరికి మన ఊరి గాలిని గురించిన సొంత లెక్క మన చేతిలో ఉంటుంది.